రాత్రి నిద్ర, రాత్రి జాగ్రత్త: ఎదుగుదల లోపాలున్న పిల్లల తల్లిదండ్రులు తరచుగా అడిగే ప్రశ్నలు

తిరుపతి, చిత్తూరు చుట్టుపక్కల ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, డౌన్ సిండ్రోమ్, మేధో వైకల్యం ఉన్న పిల్లల తల్లిదండ్రులు ఎక్కడ కలిసినా మాటలు చివరికి నిద్ర దగ్గరికే వస్తాయి. స్కూలు, థెరపీ, సర్టిఫికెట్ గురించి ధైర్యంగానే అడుగుతారు. రాత్రుల గురించి మాత్రం గొంతు తగ్గించి అడుగుతారు, అదేదో తమ పెంపకంలో లోపం అన్నట్టు. అది నిజం కాదు. పదే పదే వస్తున్న ఆ సందేహాలను అడిగినవాళ్ళ మాటల్లోనే ఇక్కడ పెట్టాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గర మొదలుపెట్టి చదువుకోవచ్చు. మందుల విషయంలో మాత్రం మీ పిల్లను చూసే డాక్టర్ మాటే ఆఖరు.

## ముందుగా కారణం వెతకడం

మా పిల్లోడు రాత్రి ఒంటిగంటైనా పండుకోడు. ఇది మొండితనమా, జబ్బా?

మొండితనం కాదు. ఆటిజం ఉన్న పిల్లల్లో సగానికి పైగా నిద్ర ఇబ్బంది ఉంటుంది. చీకటి పడితే నిద్ర రప్పించే మెలటోనిన్ అనే హార్మోన్ కొందరిలో ఆలస్యంగా, తక్కువగా తయారవుతుంది. ఫ్యాన్ చప్పుడు, దుప్పటి గరుకు, పక్కింటి టీవీ కూడా కొందరికి భరించలేనంత పెద్దవిగా అనిపిస్తాయి. వీటికి తోడు ఒంట్లో నొప్పి ఉంటే నోరు తెరిచి చెప్పలేరు. కాబట్టి తిట్టడం, భయపెట్టడం పనిచేయవు. కారణం వెతికితే మాత్రం చాలామందిలో ఏదో ఒకటి దొరుకుతుంది.

ఏ వయసుకు ఎన్ని గంటలు పండుకోవాలి?

పగటి కునుకు కూడా కలిపి 1-2 ఏళ్ళకు 11-14 గంటలు, 3-5 ఏళ్ళకు 10-13 గంటలు. 6-12 ఏళ్ళకు 9-12 గంటలు, 13-18 ఏళ్ళకు 8-10 గంటలు. వైకల్యం ఉన్నా ఇదే లెక్క. కొందరికి తక్కువ నిద్రే చాలుతుంది. పగలు చిరాకు, తూగు లేకుండా ఉంటే గంటల గురించి టెన్షన్ పడక్కర్లేదు.

నిద్ర పట్టకపోవడానికి ఒంట్లో ఏమైనా ఉంటుందా? ఏ టెస్టులు చేయించాలి?

నా దృష్టిలో అన్నిటికంటే ముందు అడగాల్సిన ప్రశ్న ఇదే, కానీ అందరూ ఆఖరున అడుగుతారు. మొదట మలబద్ధకం చూడండి. మూడు రోజులకోసారి గట్టిగా వెళ్ళే పిల్లలు రాత్రంతా పొర్లుతారు. ఆ తరువాత పుచ్చిపన్ను, చెవి నొప్పి, కడుపులోంచి పులుపు పైకి రావడం. పడుకున్న గంటకే వెనక భాగం గోకుతుంటే నులిపురుగులు ఉన్నాయేమో చూడాలి. ఫిబ్రవరి, ఆగస్టు నెలల్లో స్కూళ్ళు, అంగన్‌వాడీల్లో ఆల్బెండజోల్ మాత్ర ఇస్తారు, అది మీ పిల్లకు అందిందో లేదో కనుక్కోండి. కాళ్ళు ఊరికే ఆడిస్తూ, ఎంతకీ కుదురుగా పడుకోకపోతే ఒంట్లో ఐరన్ తక్కువ ఉండొచ్చు. హిమోగ్లోబిన్ బాగున్నా ఐరన్ నిల్వ తగ్గి ఉండే అవకాశం ఉంది. దాన్ని చూసే రక్తపరీక్ష పేరు ఫెరిటిన్, డాక్టర్‌ను అడిగి చేయించండి. తినే తిండి రెండు మూడు రకాలకే పరిమితమైన ఆటిజం పిల్లలకు ఈ పరీక్ష మరీ అవసరం.

వాడుతున్న మందులు కూడా చూపించండి. ఏకాగ్రత కోసం ఇచ్చే మిథైల్‌ఫెనిడేట్‌ను సాయంత్రం వేస్తే నిద్ర చెడుతుంది. కొన్ని ఫిట్స్ మందులతో చిరాకు పెరుగుతుంది. అలాగని సొంతంగా ఆపేయకూడదు. వేసే టైమ్ మార్చవచ్చా అని మాత్రం అడగండి.

మా పాపకు డౌన్ సిండ్రోమ్. గట్టిగా గురక, ఒక్కోసారి కూర్చునే నిద్రపోతుంది. అలవాటేనా?

అలవాటు అనుకోకండి. గొంతు దగ్గర దారి సన్నగా ఉండటం వల్ల నిద్రలో ఊపిరి ఆగి ఆగి ఆడుతూ ఉండొచ్చు. గురక మధ్యలో నిశ్శబ్దం, ఆ వెంటనే ఉలిక్కిపడి గాలి పీల్చడం, మెడ వెనక్కి వాల్చి పడుకోవడం, తల తడిసేలా చెమట, ఇవి గుర్తులు. డౌన్ సిండ్రోమ్ పిల్లలకు గురక ఉన్నా లేకపోయినా నాలుగేళ్ళ లోపు, నిద్రలో ఊపిరి ఎలా ఆడుతోందో చూసే నిద్ర పరీక్ష చేయించాలన్నది పిల్లల డాక్టర్ల సలహా. ఈఎన్‌టీ డాక్టర్‌కు చూపించండి. గొంతులో, ముక్కు వెనక ఉబ్బి దారికి అడ్డుపడే టాన్సిల్స్, అడినాయిడ్స్ తీయించిన తరువాత చాలామందికి తేడా కనిపిస్తుంది, అయితే కొందరికి తిరిగి పరీక్ష అవసరమవుతుంది.

డాక్టర్ ఐదు నిమిషాలే చూస్తారు. ఏం చెప్పాలో తెలియడం లేదు.

రెండు వారాల పాటు ఒక నోట్‌బుక్‌లో రాయండి: పడుకోబెట్టిన టైమ్, నిజంగా నిద్రపోయిన టైమ్, ఎన్నిసార్లు లేచాడు, పొద్దున ఎప్పుడు లేచాడు, పగలు ఎంత పడుకున్నాడు, విరేచనం అయిందా. నిద్రలో వింత కదలికలు, గురక ఉంటే ఫోన్‌లో వీడియో తీయండి. నిమిషం వీడియో చాలాసార్లు అరగంట వివరణ కంటే ఎక్కువ చెబుతుంది.

## పడుకోబెట్టే ముందు

ఎనిమిదిన్నరకే పడుకోబెడతాం. పదకొండు దాకా మంచం మీద గెంతుతూనే ఉంటాడు.

నిద్ర రాని టైమ్‌లో మంచం ఎక్కిస్తే మంచం అంటే ఆట అని నేర్చుకుంటాడు. కొన్ని రోజులు పదకొండుకే పడుకోబెట్టండి. అంతకుముందు గంట దీపాలు తగ్గించి, నెమ్మదైన పనులే పెట్టండి. పడుకున్న ఇరవై నిమిషాల్లో నిద్రపోవడం కొన్ని రాత్రులు వరుసగా జరిగితే టైమ్‌ను 15 నిమిషాలు త్వరగా, అంటే పదకొండుకు బదులు పదీ ముప్పావుకు మార్చండి. అది కుదిరాక ఇంకో 15. పొద్దున లేపే టైమ్ మాత్రం ఆదివారమైనా మార్చొద్దు. అసలు పట్టు అక్కడే ఉంది. లేవగానే బయటి వెలుతురులోకి తీసుకెళ్ళండి.

రోజూ అదే వరుస ఉండాలి: అన్నం, స్నానం, పళ్ళు తోమడం, బాత్రూమ్, దేవుడికి దండం, లైట్ ఆపడం. మాటలు రాని పిల్లలకు ఈ వరుసను ఫొటోలు తీసి గోడకు అంటించండి. మీ ఇంటి బకెట్, మీ బ్రష్ ఫొటోలైతే త్వరగా అర్థమవుతుంది.

ఫోన్ ఇస్తేగానీ పండుకోదు. లాక్కుంటే ఇల్లు దద్దరిల్లేలా అరుస్తుంది.

ఒక్కసారిగా లాక్కోవద్దు. పడుకునే గంట ముందు ఫోన్ ఆగాలన్నది గమ్యం, అక్కడికి మెల్లగా వెళ్ళండి. మొదట వీడియో బదులు పాట, స్క్రీన్ బోర్లా. ఆ తరువాత ఫోన్ గది బయట, పాట మాత్రం లోపల. ఫోన్ ఆగబోతోందని ముందే చూపించే గుర్తు ఒకటి పెట్టండి, ఉదాహరణకు కిచెన్ టైమర్. మొదటి వారం ఏడుపు పెరుగుతుంది. ఆ వారంలో ఇంట్లో ఒక్కరు జాలిపడి ఫోన్ ఇచ్చినా, గట్టిగా ఏడిస్తే దొరుకుతుందని నేర్చుకుంటుంది. అవ్వాతాతలకు ముందే చెప్పి పెట్టుకోండి.

రాత్రి ఏం పెట్టాలి? పాలు తాగిస్తే నిద్ర పడుతుందా?

పాలలో మంత్రమేమీ లేదు, అలవాటైతే ఇవ్వండి. సంగటి, అన్నం ఏదైనా పడుకునే గంటన్నర ముందు పూర్తవ్వాలి. మధ్యాహ్నం తరువాత కాఫీ, టీ వద్దు. మన దగ్గర రెండేళ్ళ పిల్లలకూ గ్లాసులో కొంచెం కాఫీ పోసిస్తారు, నిద్ర లేదని బాధపడే ఇళ్ళలో కూడా. పడుకోబెట్టి సీసా పాలు పట్టకండి. మింగడం కష్టమైన పిల్లలకు అవి ఊపిరితిత్తుల్లోకి వెళ్ళొచ్చు.

మాతోపాటే పండుకుంటుంది. విడిగా పడుకోబెట్టాలంటున్నారు. తప్పు చేస్తున్నామా?

తప్పేమీ లేదు. మన ఇళ్ళలో పదేళ్ళ పిల్లలు కూడా అవ్వ పక్కన పడుకుంటారు. గమనించాల్సింది ఒకటే: మీరు జోకొడితేనే నిద్రపోతే, నడిరాత్రి మెలకువ వచ్చినప్పుడూ మీ చెయ్యే కావాలి. పక్కనే ఉండండి, కానీ నిద్ర పట్టే ఆఖరి కొన్ని నిమిషాలు చెయ్యి తీసేయండి. ఏడాది లోపు బిడ్డకు మాత్రం పెద్దవాళ్ళతో ఒకే పరుపు ప్రమాదం, మత్తు కలిగించే మందులు లేదా మద్యం తీసుకున్నవాళ్ళ పక్కనైతే మరీ ప్రమాదం.

ఆన్‌లైన్‌లో బరువు దుప్పటి చూశాం. కొనాలా?

నిద్ర గంటలు పెంచుతుందనడానికి గట్టి ఆధారం లేదు. కొందరు పిల్లలకు హాయిగా అనిపిస్తుంది, అంతే. తనంతట తాను తీసేయలేని పిల్లకు, చిన్నపిల్లలకు, ఊపిరి ఇబ్బంది లేదా ఫిట్స్ ఉన్నవాళ్ళకు వద్దు. ఏప్రిల్, మే ఎండల్లో తిరుపతిలో ఎవరికీ వద్దు.

బాబుకు సెరిబ్రల్ పాల్సీ. కాళ్ళు బిగుసుకుపోయి ఏడుస్తూ లేస్తాడు. ఎలా పడుకోబెట్టాలి?

చాలామందికి పక్కకు తిరిగి పడుకుంటే బిగుతు తగ్గుతుంది. మోకాళ్ళ మధ్య ఒక దిండు, వీపు వెనక చుట్టిన దుప్పటి పెట్టండి. ముఖం దగ్గర మెత్తటివేవీ ఉండకూడదు. తనంతట తాను తిరగలేకపోతే రాత్రి మధ్యలో పక్క మార్చాలి, లేకపోతే నడుము, మడమల దగ్గర పుండ్లు పడతాయి. డైపర్ మార్చేటప్పుడు కాళ్ళు విడదీస్తే ఏడుస్తున్నాడంటే తుంటి జారుతోందేమో ఎక్స్‌రే తీయించాలి. తిరుపతిలో టీటీడీ వారి ఎముకల ఆసుపత్రి బర్డ్‌లో ఇలాంటి పిల్లలను చూస్తారు. కాలు వంకర పోకుండా రాత్రి వేసే స్ప్లింట్ (గట్టి పట్టీ) ఒరుసుకుని ఎర్రబడుతుంటే భరించమనకండి, సరిచేయించండి.

## నడిరాత్రి

రెండింటికి లేచి నవ్వుతూ ఆడుకుంటాడు, తెల్లారేదాకా పండుకోడు.

ఆటిజం పిల్లల్లో ఇది చాలా ఎక్కువ. మీరు చేయగలిగింది ఆ టైమ్‌ను విసుగ్గా మార్చడం. పెద్ద లైట్ వేయొద్దు, మాటలు వద్దు, తినడానికి ఏమీ వద్దు, ఫోన్ అసలే వద్దు. ఒక చిన్న బెడ్‌లైట్, ఒకటే బొమ్మ చాలు. పొద్దున ఎప్పటి టైమ్‌కే లేపండి, పగలు కునుకు తగ్గించండి. వారాల తరబడి ఇలాగే సాగితే డాక్టర్‌కు చెప్పాలి.

పడుకున్న గంటన్నరకే కెవ్వున అరిచి లేస్తుంది, మమ్మల్ని గుర్తుపట్టదు. అత్తమ్మ దిష్టి అంటున్నారు.

నిద్ర మొదటి భాగంలో వచ్చి, కళ్ళు తెరిచే ఉన్నా ఎవరినీ గుర్తుపట్టక, పొద్దున ఏమీ గుర్తులేకపోతే దాన్ని నిద్రలో భీతి అంటారు. లేపకండి, పడిపోకుండా పక్కన కూర్చోండి, కొద్ది నిమిషాల్లో తగ్గుతుంది. దిష్టి తీయడం వల్ల నష్టమేమీ లేదు, పెద్దావిడ మనసూ కుదుటపడుతుంది. కానీ మెడలో తాయెత్తు దారం ఉంచొద్దు, నిద్రలో బిగుసుకుంటుంది. రాత్రికి మూడు నాలుగుసార్లు, ప్రతిసారీ ఒకేలా, ఒళ్ళు బిగుసుకోవడం లేదా నోరు ఒకపక్కకు లాగడం ఉంటే అవి ఫిట్స్ కావచ్చు. వీడియో తీసి న్యూరాలజిస్టుకు చూపించండి.

నిద్రలో ఫిట్స్ వస్తే ఏం చేయాలి?

పక్కకు తిప్పండి, గడియారం చూడండి, ముఖం దగ్గరి దిండు తీసేయండి. నోట్లో స్పూన్ పెట్టడం, నీళ్ళు పోయడం, చేతిలో తాళాలు పెట్టడం, గట్టిగా పట్టుకోవడం ఏదీ వద్దు. 5 నిమిషాలు దాటితే, లేదా తెలివి రాకుండానే ఇంకోటి వస్తే 108కి ఫోన్ చేయండి. డాక్టర్ ఫిట్స్ ఆపే మిడజోలమ్ ముక్కు స్ప్రే రాసి ఉంటే ఎన్ని నిమిషాలకు కొట్టాలో ఆయన చేతే చీటీ మీద రాయించుకుని గోడకు అంటించండి. నడిరాత్రి ఎవరికీ గుర్తుండదు. రాత్రి ఫిట్స్ వచ్చే బిడ్డ ఒంటరిగా పడుకోకూడదు, బోర్లా పడుకోకూడదు. మందు ఒక్క పూట కూడా తప్పకూడదు. నిద్ర తక్కువైన రోజు ఫిట్స్ ఎక్కువగా వస్తాయి.

పదేళ్ళొచ్చినా పక్క తడుపుతాడు.

మలబద్ధకం తగ్గిస్తే సగం మందికి మెరుగవ్వచ్చని ఆశ పెట్టను, కానీ మొదట చూడాల్సింది అదే. సాయంత్రం నుంచి నీళ్ళు తగ్గించి, పగలు బాగా తాగించండి. పడుకునే ముందు బాత్రూమ్. దారిలో సన్నని లైట్. కొట్టడం, నలుగురిలో చెప్పడం వద్దు. ఆగిపోయిన అలవాటు ఉన్నట్టుండి మళ్ళీ మొదలైతే మూత్ర పరీక్ష, షుగర్ పరీక్ష చేయించండి.

## ఇంట్లో, వాకిట్లో

మేం నిద్రపోయాక తలుపు తీసుకుని బయటికి వెళ్ళిపోయాడు. ఇక నిద్రే పోవడం లేదు మేం.

మీరు మేలుకుని కాపలా కాయడం పరిష్కారం కాదు, ఏదో ఒక రాత్రి కన్ను మూతపడుతుంది. మీరు నిద్రపోయినా పనిచేసే ఏర్పాటు కావాలి. తలుపుకు పిల్లకు అందనంత ఎత్తులో లోపల గడియ వేయించండి. తలుపు కదిలితే మోగేలా మువ్వలు కట్టండి, లేదా బ్యాటరీతో పనిచేసే డోర్ అలారం పెట్టండి. తాళం వేస్తే తాళంచెవి పెద్దవాళ్ళందరికీ తెలిసిన ఒకే చోట ఉండాలి, మంటలు వస్తే వెతుక్కునే టైమ్ ఉండదు.

ఇలా వెళ్ళిపోయే పిల్లలకు అన్నిటికంటే పెద్ద ప్రమాదం నీళ్ళు. సంపు మూతకు తాళం, వాకిట్లో తొట్టికి, డ్రమ్ముకు బిగుతైన మూత ఉండాలి. పల్లెల్లో దగ్గరి బావి, చెరువు ఎటువైపో ఇరుగుపొరుగుకు చెప్పి ఉంచండి. బిడ్డ కనిపించకపోతే మొదట వెతకాల్సింది అక్కడే, ఆ తరువాతే బంధువుల ఇళ్ళు. వెంటనే 112కి ఫోన్ చేయండి. పిల్లల హెల్ప్‌లైన్ 1098. వీధి చివర రాత్రంతా తెరిచి ఉండే అంగడి, ఆటో స్టాండ్ వాళ్ళకు బిడ్డ ఫొటో చూపించి మీ నంబర్ ఇవ్వండి. దాచిపెడితే మనకే నష్టం.

గదిలో పెట్టి బయట గొళ్ళెం వేయొచ్చా? కాలికి చీర కట్టి మంచానికి కట్టేసేవాళ్ళు ఉన్నారు.

రెండూ వద్దు. మంటలు, ఫిట్స్, వాంతి ఏది వచ్చినా బిడ్డ బయటపడలేదు, కట్టు మెడకు బిగుసుకుంటుంది. అలా చేసే తల్లుల్ని నేను తప్పుపట్టను. నిద్ర లేక, సాయం లేక ఆ పని చేస్తారు. వాళ్ళకు కావలసింది ఎత్తైన గడియ, తలుపు అలారం, రాత్రి వంతు పంచుకునే ఇంకో మనిషి.

ఇంట్లో ఏమేం సర్దాలి?

బిడ్డ ఎత్తుకు వంగి గది చుట్టూ ఒకసారి చూడండి. మంచం ఎత్తుగా ఉంటే పరుపు నేల మీద వేయండి, గోడకూ పరుపుకూ మధ్య ఇరుక్కునే సందు వదలొద్దు. పల్లె ఇళ్ళలో నేల మీదైతే తేళ్ళు, పాములు రాకుండా దోమతెర అంచులు పరుపు కిందికి మడవండి. ఎయిర్ కూలర్ ఇనుప బాడీదైతే ఎర్తింగ్ చూపించండి, షాక్ కొడితే కరెంటు ఆపేసే బ్రేకర్ మెయిన్ దగ్గర పెట్టించండి. దోమల మందు సీసా ప్లగ్‌లోంచి తీసి తాగేసే పిల్లలు ఉన్నారు, చేతికందే ప్లగ్‌లో పెట్టొద్దు.

మన ఇళ్ళలో ప్రత్యేకంగా చెప్పాల్సింది కర్పూరం గురించి. కలకండ అనుకుని తింటారు. కొద్దిగా మింగినా ఫిట్స్ వస్తాయి. జలుబుకు గుడ్డలో కట్టి మెడలో వేయడం, నీలగిరి తైలం ముక్కు దగ్గర రాయడం కూడా ఫిట్స్ ఉన్న పిల్లలకు వద్దు. పూజ సామాను పై అరలో పెట్టి మూయండి. ఫిట్స్ మాత్రలు, అవ్వాతాతల బీపీ, షుగర్ మాత్రలు తాళం వేసిన పెట్టెలో ఉండాలి.

ఎండాకాలం మిద్దె మీద పడుకోవచ్చా?

నిద్రలో నడిచే, లేచి తిరిగే, ఫిట్స్ వచ్చే పిల్లలతో వద్దు. నడుము ఎత్తు పిట్టగోడ వాళ్ళను ఆపదు. ఇంట్లోనే కిటికీకి తడిపిన గోనెసంచి, నూలు బట్టలు, పడుకునే ముందు స్నానంతో సర్దుకోండి.

చీర ఉయ్యాలలో అయితేనే పండుకుంటుంది. ఆరేళ్ళొచ్చాయి.

ఊగడం మంచిదే, దానిలోనే రాత్రంతా వదిలేయడం ప్రమాదం. పెద్ద పిల్లలు తిరిగితే చీర మెలితిరిగి మెడకు బిగుస్తుంది. పడుకునే ముందు పది నిమిషాలు మీ ఎదుటే ఊపి, పరుపు మీదికి మార్చండి.

## మందులు, ఆసుపత్రులు

నిద్రమాత్ర ఇవ్వొచ్చా? మెలటోనిన్ అంటే ఏంటి?

అలవాట్లు, ఒంటి కారణాలు చూశాక కూడా నిద్ర రాకపోతే డాక్టర్లు మెలటోనిన్ రాస్తారు. తక్కువ మోతాదుతో మొదలుపెడతారు. అది త్వరగా నిద్ర పట్టడానికి సాయపడుతుంది, నడిరాత్రి మెలకువకు అంతగా కాదు. మాత్ర వేసి ఫోన్ చేతికిస్తే ఫలితం పోతుంది. మెడికల్ షాపులో అడిగి మెలటోనిన్ గమ్మీలు (జెల్లీ మిఠాయిల్లాంటివి) కొనకండి. మత్తు వస్తుందని జలుబు సిరప్ పట్టడం మరీ ప్రమాదం, ముఖ్యంగా గురక పెట్టే పిల్లలకు.

గసగసాల పాలు, జాజికాయ అరగదీసి నాకించడం మంచిదేనా?

వద్దు. గసగసాల్లో మార్ఫిన్ ఆనవాళ్ళు ఉంటాయి, ఎంత ఉంటుందో ఎవరూ చెప్పలేరు, ఊపిరి మందగించవచ్చు. జాజికాయ ఎక్కువైతే గుండెదడ, వాంతులు, గందరగోళం. కూరలో వేసేది వేరు, నిద్ర కోసం పట్టేది వేరు.

ఎక్కడ చూపించాలి? ఖర్చు ఎలా?

ఆర్‌బీఎస్‌కే అనే ప్రభుత్వ పిల్లల ఆరోగ్య పథకం కింద 18 ఏళ్ళ దాకా పిల్లలకు పరీక్షలు చేసి జిల్లా సత్వర చికిత్స కేంద్రానికి పంపుతారు. అంగన్‌వాడీలో, స్కూల్లో లేదా ఆశా కార్యకర్తను అడగండి. తిరుపతిలో రుయా ప్రభుత్వ ఆసుపత్రిలో పిల్లల విభాగం, స్విమ్స్ ఆసుపత్రిలో న్యూరాలజీ (మెదడు, నరాల విభాగం) ఉన్నాయి. చిత్తూరు వైపు వాళ్ళు చాలామంది వేలూరు సీఎంసీ ఆసుపత్రికి వెళ్తారు. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం, బహుళ వైకల్యం ఉన్నవాళ్ళకు కేంద్ర ప్రభుత్వ సంస్థ నేషనల్ ట్రస్ట్ వారి నిరామయ ఆరోగ్య బీమా ఉంది. ఏడాదికి లక్ష రూపాయల దాకా వర్తిస్తుంది, ఓపీ ఖర్చు, థెరపీ కూడా అందులోకి వస్తాయి. వైకల్య ధ్రువపత్రం ఉండాలి.

## అమ్మానాన్నలు, ప్రయాణాలు

రాత్రంతా నేనే మేలుకుంటాను. పొద్దున ఆయనకు డ్యూటీ ఉంటుంది కదా.

మీకూ పగలంతా డ్యూటీనే. రాత్రిని రెండు ముక్కలు చేయండి: రెండింటి దాకా ఒకరు, తరువాత ఇంకొకరు. అది కుదరకపోతే వారంలో రెండు రాత్రులు ఆయన, లేదా అవ్వ, పిన్ని. నాలుగు గంటలు తెగకుండా పడుకున్న తల్లికి మందు మోతాదు తప్పు పోదు, బిడ్డ మీద చెయ్యి లేవదు. బతకాలనిపించడం లేదన్న ఆలోచన వస్తే 14416కి ఫోన్ చేయండి. టెలిమానస్ అనే ఈ ప్రభుత్వ మానసిక సాయం లైన్ ఉచితం, తెలుగులో మాట్లాడతారు, ఏ టైమ్‌లోనైనా.

గంగ జాతర మైకులు, ధనుర్మాసంలో నాలుగింటికే పాటలు. ఏం చేయగలం?

మే నెలలో తిరుపతి తాతయ్యగుంట గంగమ్మ జాతర రోజుల్లో డప్పులు రాత్రి దాకా ఆగవు. శబ్దం పడని బిడ్డ ఉంటే ఆ వారం ఊరి అవతల బంధువుల ఇంటికి వెళ్ళడమే మేలు. లేకపోతే వీధికి దూరంగా ఉన్న గది, ఎప్పటి ఫ్యాన్ చప్పుడు, చెవులకు శబ్దం తగ్గించే మఫ్‌లు పగటి పూట ముందే అలవాటు చేయండి. ధనుర్మాసంలో గుడి కమిటీ వాళ్ళను కలిసి బిడ్డ పరిస్థితి చెబితే స్పీకర్ దిశ మార్చిన చోట్లు ఉన్నాయి. మర్యాదగా, పండగకు ముందే అడగండి.

తిరుమలలో రాత్రి గదిలో ఉండాలి. ఏం జాగ్రత్తలు?

ఇంట్లో వాడే దుప్పటి, దిండు కవర్ తీసుకెళ్ళండి, వాసన తెలిసినదైతే నిద్ర పడుతుంది. కొత్త గది గడియ ఎలా ఉందో వెళ్ళగానే చూడండి, తలుపుకు అడ్డంగా పెద్దవాళ్ళొకరు పడుకోండి, మువ్వలు వెంట ఉంచుకోండి. చేతికి ఫోన్ నంబర్ రాసిన పట్టీ కట్టండి, ఆ రోజు బట్టల్లో ఒక ఫొటో తీసుకోండి. గుండు చేయిస్తే ఆ తరువాత ఇంకో ఫొటో తీయండి, పాత ఫొటోతో ఎవరూ గుర్తుపట్టలేరు. రాత్రి మందు సామానులో కాకుండా చేతి సంచిలో ఉండాలి, క్యూలో ఎంతసేపు పడుతుందో ముందే తెలియదు.